రాట్నం తిప్పిందెవరు

మా తమ్ముడి కూతురు ఒక ఆదివారం ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "అత్తా, మన కంపెనీ హిస్టరీ చెప్పు, గోడ మీద వేయిస్తున్నాం" అంది. నాకు ఒళ్ళు మండింది. కంపెనీ అట! రంగులరాట్నం తిప్పుకుని బతికిన కొంపని కంపెనీ అనడం మొన్న మొన్న మొదలైంది. దానికి మళ్ళీ హిస్టరీ ఒకటి.

కానీ పిల్ల తప్పేం లేదు. హౌరాలో ఒక మాల్ పై అంతస్తులో మావాళ్ళు పిల్లలు ఆడుకునే హాలు తెరుస్తున్నారు. రంగు బంతుల గుంట, మెత్తటి జారుడు బల్లలు, కరెంటుతో తిరిగే చిన్న రాట్నం. గుమ్మం పక్క గోడ మీద మా ఇంటి కథంతా బొమ్మలతో వేయించాలని తన కోరిక. ఇంగ్లీషులోనూ బెంగాలీలోనూ. తెలుగులో వద్దా అంటే, "రాస్తే ఎవరు చదువుతారత్తా, నేనే చదవలేను" అంది. నిజమే మరి, ఏమంటాం.

మేం పుట్టి పెరిగింది హౌరాకి నది అవతల ఖిదిర్‌పూర్‌లో. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన జనం. నాన్న షాలిమార్ గూడ్స్ యార్డులో మూటలు మోసేవాడు. అమ్మది మున్సిపాలిటీలో ఊడ్పు పని, అది పర్మినెంటు ఉద్యోగం. మేమున్న కూలీల ఇళ్ళ లైన్లో పర్మినెంటు అన్న మాటకి ఎంత విలువంటే, అమ్మని చూసి ముసలాళ్ళు కూడా పక్కకి తప్పుకునేవాళ్ళు. మేళాలు, అంటే మన తిరునాళ్ళు, తిరగలేని ఒక బెంగాలీ ముసలాయన తన చెక్క రాట్నాన్ని నాన్నకి ఇచ్చేసి సొంతూరు వెళ్ళిపోయాడు. చెవులు విరిగిన గుర్రాలు, రంగు పోయిన గొడుగు. నడిమి స్తంభానికి ఒక అడ్డకర్ర. ఆ కర్ర పట్టుకుని మనిషి గుండ్రంగా నడుస్తూ నెడితే గుర్రాలు తిరిగేవి. ఎడ్లు గానుగ తిప్పినట్టే, కాకపోతే ఇక్కడ మనిషి.

ఆ తర్వాత ఏది ముందో ఏది వెనకో నాకు కలగాపులగం. ప్లాస్టిక్ కార్లు వచ్చాకే గాలి బంగళా వచ్చిందని తమ్ముడు అంటాడు. పిల్లలు లోపల ఎగిరే గాలి బంగళా వానలో కూలిపోయిన రథయాత్ర మేళా నాకు బాగా గుర్తు, అప్పటికి మా దగ్గర కార్లే లేవు. తమ్ముడు ఎలుగుబంటి వేషం వేసుకుని పుట్టినరోజు పార్టీలో స్పృహ తప్పిన రోజే అసలు కంపెనీ మొదలైందని మరదలు అంటుంది. ఎవరికి వాళ్ళకి ఒక మొదలు ఉంది. పిల్ల అన్నీ టైపు చేసుకుంటూ పోయింది.

ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట. ప్రతి సీజన్లో మొదటి టికెట్ తెంపే ముందు ఇంటి మనిషి ఒకరిని గుర్రం ఎక్కించి ఒకసారి తిప్పాలి. దాన్ని బోణీ తిప్పు అంటాం. నేను కూర్చున్నాను, తమ్ముడు కూర్చున్నాడు, మా పిన్ని, నాన్న, ఆఖరికి పక్కింటి బెంగాలీ దాదా కూడా. అమ్మ మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు. తల తిరుగుద్దనేది.

మర్నాడు పిల్ల గోడ బొమ్మ నమూనా చూపించింది. అన్నిటికన్నా పైన నాన్న ఫోటో. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, చెయ్యి అడ్డకర్ర మీద. కింద "మా వ్యవస్థాపకులు, తొలి రాట్నాన్ని తన చేతులతో తిప్పినవారు" అని ఉందని చదివి చెప్పింది.

బాగుంది అందామని నోరు తెరిచి, "ఆ కింది వాక్యం ఇంకోసారి చదువమ్మా" అన్నాను. ఎందుకు అడిగానో నాకే తెలియలేదు.

ఆ రాత్రంతా మనసులో ఒకటే గోల. కళ్ళు మూసుకుంటే రాట్నం కనిపిస్తుంది. మధ్యలో కర్ర నెడుతున్న వీపు. గళ్ళ చొక్కా, తలకి తువ్వాలు. ఆ చొక్కా నాన్నదే, అనుమానం లేదు. మరి అదే సమయంలో మేళా గేటు దగ్గర "ఆశున్ ఆశున్" అని జనాన్ని పిలుస్తున్న గొంతు వినిపిస్తోంది. అదీ నాన్నదే. చొక్కా మధ్యలో, గొంతు గేటు దగ్గర. ఒక్క మనిషి రెండు చోట్ల ఎలా ఉంటాడు? నాకేమైనా మతి పోతోందా?

చీర మీద నాన్న చొక్కా తొడుక్కుని రోడ్లు ఊడవడానికి వెళ్ళేది అమ్మ. మా లైన్లో ఆడవాళ్ళందరూ పనికి అలాగే వెళ్ళేవాళ్ళు. అయితే ఆ వీపు అమ్మదా? అనుకోగానే నాకే నవ్వొచ్చింది. అమ్మ అయితే నాకు తెలియదా? ఇన్నేళ్ళుగా నాన్నే తిప్పాడని నేనే కదా అందరికీ చెప్పుకొచ్చాను.

అప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. మేళాకి బయలుదేరే ముందు అమ్మ మమ్మల్ని నిలబెట్టి అడిగేది. "రాట్నం ఎవులు తిప్పతన్నారని ఎవులైనా అడిగితే ఏటి సెప్పాల?" "నాన్న!" అని అరిచేవాళ్ళం. "ఇంకోపాలి?" "నాన్న!" గట్టిగా అరిచినవాళ్ళకి బెల్లం ముక్క. మేం అదొక ఆట అనుకున్నాం. నిజంగా నాన్నే తిప్పుతుంటే ఆ మాట మాకు నేర్పడం దేనికి? కళ్ళున్నవాడెవడైనా చూస్తాడు కదా!

తమ్ముడికి ఫోన్ చేశాను. "అప్పా, నీకేటైనా పిచ్చా, ఫోటో ఉంది కదా" అన్నాడు. ఫోటో! కర్ర తిప్పేవాడి చొక్కాకి ఇస్త్రీ మడత ఉంటుందట్రా, వెర్రి నాగన్నా? ఆ మాట అడిగేలోపు వాడికి ఇంకో కాల్ వచ్చింది.

నాన్న ఎప్పుడో పోయాడు, ఇక అమ్మనే అడగాలి. అమ్మకి ఎనభై దాటాయి. చెవులు బాగానే పనిచేస్తాయి, అవసరమైనప్పుడు. ఆవిడ పప్పులో రాళ్ళు ఏరుతోంది. సూటిగా అడిగాను.

"అమ్మా, చెక్క రాట్నం తిప్పింది నువ్వే కదూ?"

తలెత్తలేదు. "నానేటి తిప్పడం. మీ నాన."

"నాన్న గేటు దగ్గర ఉండేవాడు కదా."

"ఉంటే ఉండీవోడు. మీ నానే తిప్పినాడు. ఆ పక్క సేట ఇలగియ్యి."

చేట ఇచ్చాను. ఇంకేం చేస్తాను? స్వయానా ఆవిడే కాదంటే నేనెవరిని? కానీ ఒకవేళ ఆవిడే అయితే, బతికుండగానే ఆ గోడ మీద ఆవిడ లేకపోవడం నా కళ్ళతో చూడాలి. కాకపోతే, లేనిపోనిది అని నాన్న కష్టాన్ని కాజేసినదాన్ని అవుతాను. ఎటు చూసినా పాపమే. పిల్లకి "ఆ వాక్యం కొంచెం ఆపమ్మా" అని చెప్పాను. "ఎందుకత్తా?" అంది. నాకు తెలిస్తే కదా చెప్పడానికి!

హాలు తెరిచే రోజు వచ్చింది. గోడ మీద ఆ వాక్యం అలాగే ఉంది, ప్రింటుకి వెళ్ళిపోయిందట. రిబ్బనూ బెలూన్లూ కేకూ అన్నీ అయ్యాక టికెట్లు ఇవ్వబోతుంటే నేను అడ్డం పడ్డాను. "బోణీ తిప్పు లేకుండా టికెట్ ఏమిటి? అమ్మని ఎక్కించండి."

"నాకొద్దు, తల తిరుగుద్ది" అంది అమ్మ. ఈసారి ఎవరూ వినలేదు. తమ్ముడూ నేనూ చెరో పక్కా పట్టుకుని తెల్ల ప్లాస్టిక్ గుర్రం మీద కూర్చోబెట్టాం. పిల్ల పక్కనే నిలబడి వీడియో తీస్తోంది. బటన్ నొక్కారు. పాట మొదలైంది, గుర్రం కదిలింది.

అమ్మ గుర్రం మెడ గట్టిగా పట్టుకుంది. భయపడుతోందేమో అనుకున్నాను. కానీ ఆవిడ మా వైపు చూడటం లేదు. మెడ సాచి రాట్నం నడిమధ్యకేసి చూస్తోంది. అక్కడ అద్దాలు అతికించిన డబ్బా తప్ప ఏమీ లేదు. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో గట్టిగా కేకేసింది.

"ఒలమ్మా, ఎవులే తిప్పతన్నారు? సేతులు మార్సండి! ఒక్క సేత్తోనే తోస్తే కుడి బుజం పడిపోద్ది, రేతిరికి నిద్దర్రాదు!"

జనం నవ్వారు. పిల్ల నవ్వుతూ, "నాన్నమ్మా, ఎవరూ తిప్పట్లేదు, కరెంటు" అంది. తమ్ముడు మాత్రం నవ్వలేదు. అమ్మ కుడి భుజం వంకే చూస్తున్నాడు. ఆ భుజానికి రాత్రిళ్ళు ఆముదం కాచి రాసింది మేమిద్దరమే. ఊడ్చి ఊడ్చి నొప్పి అనేది, నమ్మేవాళ్ళం.

రాట్నం ఆగింది. నేను దింపుతుంటే అమ్మ నా చెయ్యి లాగి దగ్గరికి వంచుకుంది. ముఖంలో నిజమైన భయం.

"ఒలే, నానేటైనా పేలీసినానా?"

"పేలితే ఏమైందమ్మా? నువ్వే కదా తిప్పింది. ఇప్పుడైనా చెప్పు."

అటూ ఇటూ చూసింది. అక్కడ ఉన్నవాళ్ళు పిల్లలూ వాళ్ళ తల్లులూ, ఐస్‌క్రీమ్ అమ్మే అతనూ.

"సర్కారీ ఉజ్జోగం సేస్తూ ఇంకో పని సెయ్యకూడదే. తెలిస్తే పీకీరూ? ఇప్పుడు పింఛనీ ఆపీరూ? మీ నానే తిప్పినాడు. ఎవులడిగినా అదే సెప్పు."

రిటైరై ఎన్నో ఏళ్ళయిన మనిషి. ఇంకా ఆ మేళాలోనే, ఆ చొక్కాలోనే ఉంది. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి మీద కోపమో తెలియలేదు. "అలాగేనమ్మా" అన్నాను. ఆవిడ కుదుటపడి, కొంగు ముడి విప్పి, చెయ్యి చాపింది, చిన్నప్పుడు మాకు బెల్లం ముక్క ఇచ్చినట్టే. అరచేతిలో ఎవరో ఆవిడకిచ్చిన కేకు ముక్క ఉంది. తిన్నాను.

గోడ మీద వాక్యం అలాగే ఉంది. ఎవరైనా అడిగితే నాన్నే అంటాను, మాటిచ్చాను. ఇక్కడ నన్నెవరూ అడగలేదు, అందుకే చెబుతున్నాను. రాట్నం తిప్పింది మా అమ్మ.