గూడెం పకోడీ, శనివారం పరీక్ష

ఆపరేషన్ థియేటర్‌లో కార్తికేయ గారి చేయి చూడముచ్చటగా ఆడేది. అదే చేతికి ప్రశ్నపత్రం ఇస్తే మాత్రం చెమటలు పట్టేవి. ఏలూరులో మా సర్జరీ పీజీలందరిలో ఆయనే పెద్ద, ఎందుకంటే ఫైనల్ పరీక్ష అప్పటికే ఒకసారి తప్పారు. తాడేపల్లిగూడెంలో వాళ్ళమ్మ కామాక్షి గారు వీధిలో అడిగినవాళ్ళకల్లా “రిజల్ట్ ఇంకా రాలేదండీ” అనే చెబుతున్నారు. రెండోసారి కూడా తప్పితే ఆ తల్లికి చెప్పుకోవడానికి అబద్ధం కూడా మిగలదు.

ఆయన చదువు ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టుండేది. పరీక్ష నెత్తిమీదికి వచ్చాకే లావుపాటి పుస్తకాలు తెరిచేవారు. ఇది గమనించి మా ప్రొఫెసర్ ఉషశ్రీ మేడం అందరికీ ఒక కట్టుబాటు పెట్టారు. వారానికి ఒక్క పాఠం, శనివారం దాని మీద పరీక్ష. చివర నిలిచినవాళ్ళు సోమవారం అందరికీ తాడేపల్లిగూడెం పకోడీ తేవాలి. మేం తింటుంటే, తప్పు రాసిన ప్రశ్నలన్నీ బోర్డు దగ్గర నిలబడి విడమరిచి చెప్పాలి.

ఇంకేముంది, ప్రతి సోమవారం కార్తికేయ గారు వాళ్ళ ఊరి నుంచి పకోడీ పొట్లంతో వచ్చి రైలు దిగేవారు. పిత్తాశయం గురించి ఆయన చెబుతుంటే మేం సిగ్గూ ఎగ్గూ లేకుండా నమిలేవాళ్ళం. ఆయన ముగించేసరికి కాగితం మీద నూనె మరకే మిగిలేది.

“ఒక్కటైనా ఉంచొచ్చు కదండీ,” అనేవారు.

“మీరు తొందరగా చెప్పొచ్చు కదండీ,” అనేవాణ్ణి నేను.

మా అడ్డు ప్రశ్నలకు భయపడి ఆయన ఆదివారం కూడా చదివేవారు. తిన్నది మేమైతే ఒంటబట్టింది ఆయనకు. వానాకాలం దాటేసరికి ఆయన చివరి స్థానం ఖాళీ చేశారు. అది నాకు దక్కింది. పైగా నేను తెచ్చిన పకోడీ మెత్తబడిందని వంకలు పెట్టారు. ఒళ్ళు మండి నేనూ చదివాను.

ఫైనల్ ఫలితాలు వచ్చాయి. అందరం పాసయ్యాం, మార్కుల్లో కార్తికేయ గారే పైన. మర్నాడు ఎవరూ అడక్కుండానే ఆయన పొట్లం తెచ్చి, అలవాటు కొద్దీ బోర్డు దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

“అక్కడేం పని నీకు? ఇలా వచ్చి కూర్చో,” అన్నారు మేడం. “అమ్మగారికి చెప్పావా?”

“చెప్పానండీ. రిజల్ట్ వచ్చిందని వీధిలో చెప్పి రావాలంటూ ఫోన్ పెట్టేసింది.”

మేడం పొట్లం విప్పి ఆయన ముందుకు జరిపారు. ఆయన ఒకటి కొరికి కళ్ళు తుడుచుకున్నారు. ఆయన కడుపునిండా తినేదాకా మాలో ఒక్కరం కూడా ఆ పొట్లంలో చెయ్యి పెట్టలేదు.