తెర మీద బొట్టు

మా పాత కరెంటు కారులో తెర అరచేయంత ఉండేది. నొక్కితే వెంటనే పలికేది కాదు. రేడియో కోసం నొక్కి, కొంగు సర్దుకుని, అద్దంలో ముఖం చూసుకున్నాక గానీ పాట మొదలయ్యేది కాదు. వెనక్కి తీసేటప్పుడు వెనకాల ఏముందో చూపించేది, కానీ ఆలోగా నేనే తల తిప్పి చూసుకునేదాన్ని. అయినా దాని మీద నాకెప్పుడూ కోపం రాలేదు. ఏసీకి, గాలికి విడివిడిగా తిప్పే బటన్లు ఉండేవి. యాభై ఏళ్లకు డ్రైవింగు నేర్చుకున్నదాన్ని, చూడకుండానే నా చేతికి అందేవి. పైగా నువ్వెవరని అది ఎన్నడూ అడగలేదు. ఎవరు కూర్చుంటే వాళ్లకే పలికేది.

మా ఆయన కొన్న కొత్త కారులో తెర చపాతీల పీట కంటే పెద్దది. వేలు తగిలీ తగలకముందే పలుకుతుంది. బటన్లు లేవు, ఏసీ అయినా సీటు అయినా ఆ తెరలోనే. ఎక్కగానే నడిపేదెవరని అడుగుతుంది. పేరు ఎంచుకుంటే ఆ మనిషికి తగ్గట్టు సీటు జరుగుతుంది, వాళ్లు పెట్టుకున్న చల్లదనమే వస్తుంది. ఆ జాబితాలో ఒక్క పేరే ఉంది. అది నాది కాదు.

"నా పేరు యాడుండాది?" అన్నాను.

"పెడ్తాలే, ఏం తొందర?" అన్నాడు.

తొందరే మరి. పాత కారును ఆ వారంలోనే షోరూముకు ఇచ్చేస్తున్నాం. అది పోతే ఊరవతలి మా బడికి నేను మళ్లీ షేర్ ఆటోలో, ఎవరిదో సంచి ఒళ్లో పెట్టుకుని పోవాలి. తలుచుకుంటేనే ఒళ్లు మండింది. కొత్త కారు పూజ ముందర గొడవెందుకని ఊరుకున్నాను.

పూజకు మంత్రాలయం పోయాం. చక్రాల కింద నిమ్మకాయలు, ముందర పూలదండ అయ్యాక, మా ఆయన తడి పసుపు నా చేతికిచ్చి లోపల బొట్లు పెట్టమన్నాడు. పాత కారులో స్టీరింగుకూ తెరకూ నేనే పెట్టాను. ఆ అలవాటుతో, ఈ తెర పెద్దది కదా అని భక్తిగా వేలు అదిమి మూడు పెట్టాను. మీద కుంకుమ కూడా అద్దాను. అందులో ఒకటి సరిగ్గా ఏసీ బొమ్మ మీద పడిందనీ, నేను అదిమిన అదుముకు అది పూర్తి వేడికి పోయిందనీ బయల్దేరాక తెలిసింది.

అసలే మే నెల. ఎమ్మిగనూరు దాటేసరికి ఇద్దరం ఉడికిపోయాం. అద్దాలు దించితే బయటి గాలి అంతకంటే ఘోరం.

"ఆ బొట్టు తుడిచేద్దామా?" అన్నాను.

"ఈ పొద్దే పెట్టిన బొట్టు తుడుస్తారా ఎవరన్నా? బుద్ధుండే మాట్లాడ్తాండావా?"

పూజలో పెట్టిన బొట్టు ఆ రోజంతా ఉండాల్సిందే. మా ఇంట్లో ఇలాంటి పట్టింపులు నాకంటే ఆయనకే ఎక్కువ. బొట్టు చెదరకుండా ఏసీని తాకే దారి లేదు.

కోడుమూరు దగ్గర రోడ్డు పక్కన ఆపాడు. చొక్కా పిండితే చెంబు నిండేలా ఉంది. అప్పుడు నాకు తట్టింది. తెర పై మూలన, పేర్ల జాబితా ఉన్నచోట, బొట్టు లేదు.

"నా పేరు పెట్టండి. ఈ వేడి మీ పేరు మీద ఉండాది. కొత్త పేరు పెడితే ఏసీ మళ్లీ మొదటికొస్తాది," అన్నాను.

ఆయన నావైపు చూశాడు, తెర వైపు చూశాడు, దిగాడు. నేను అటు వెళ్లి కూర్చుని, ఒక్కో అక్షరమే నొక్కి పేరు పెట్టుకున్నాను. సీటు ముందుకు జరిపించుకున్నాను. చల్లగాలి వచ్చింది. నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

కర్నూలులో మా ఇంటి దాకా నేనే నడిపాను. పక్కన కూర్చుని ఆయన రెండుసార్లు "మెల్లగా, మెల్లగా" అన్నాడు, ఆ తర్వాత నిద్రపోయాడు.

మరుసటి రోజు పొద్దున ఆయనే తడిగుడ్డతో బొట్లు తుడిచి, ఏసీ సరిచేసుకున్నాడు. తర్వాత పేర్ల జాబితా తెరిచి, ఏమీ ఎరగనట్టు, "ఈ రెండో పేరు తీసెయ్యల్లా, ఉండనియ్యల్లా?" అని వాకిట్లోంచి కేకేశాడు.

నేను గడపకు రాయడానికి పసుపు కలుపుతున్నాను. గిన్నె పట్టుకుని అలాగే కారు దగ్గరికి వచ్చాను.

"ఉండనీలే, ఉండనీ," అన్నాడు, పసుపు గిన్నె వైపు చూస్తూ.