వినికిడి పరీక్షకు తారీఖు

1987 వానాకాలంలో నన్ను మహబూబ్‌నగర్ జిల్లా కోస్గి వైపు గ్రామాలకు ముఖ్య సేవికగా వేశారు. ఇప్పుడు సూపర్‌వైజర్ అంటున్నది ఆ హోదానే. అంగన్‌వాడీలు తిరిగి చూడటం, ఎదుగుదలలో వెనకబడిన పిల్లలుంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు పంపటం నా పని. ఆయన రాసిస్తే జిల్లా ఆసుపత్రి, అక్కడినుంచి హైదరాబాద్. చెప్పుకోవటానికి బాగానే ఉంటుంది.

ఒక కేంద్రంలో సాయమ్మ అనే నాలుగేళ్ల పిల్ల ఉండేది. "చెప్పిన మాట ఇనదు మేడం, శానా మొండిది" అని టీచర్ ఫిర్యాదు. నాకు మొండితనం కనిపించలేదు. మిగతా పిల్లలు పళ్లెం తీస్తే తీసేది, కూర్చుంటే కూర్చునేది, ఎప్పుడూ వాళ్లను చూసి, కాస్త ఆలస్యంగా. ఆ పిల్ల వెనక, నీడ కూడా పడని చోట నిలబడి గిన్నెను గంటెతో కొట్టాను. పిల్లలంతా తిరిగారు. సాయమ్మ తిరగలేదు.

ఇంటికి వెళ్లి చెబితే నాయనమ్మ రామవ్వ మండిపడింది. "మా పిల్ల మంచిగనే ఇంటది. జర చూడు" అంటూ కాలితో నేలను గట్టిగా తన్ని పేరు పెట్టి పిలిచింది. సాయమ్మ గిరుక్కున తిరిగి నవ్వింది. ఆ ఇంట్లో అందరూ తమకు తెలియకుండానే ఆ పిల్లను అట్లాగే పిలిచేవారు. పాదాలకు తెలిసిన అదురును వినికిడి అనుకున్నారు. కాలు కదపకుండా పిలవమన్నాను. ఎన్నిసార్లు పిలిచినా పిల్ల తిరగలేదు. తల్లి బాలమణి పిల్లను దగ్గరికి లాక్కుంది. "దవఖానకు తీస్కపోదాం మేడం" అంది.

హైదరాబాద్‌లో పరీక్షకు దొరికిన తారీఖు దీపావళి తర్వాతిది. ఆ పల్లెల్లో దసరా కాగానే కూలీలను వలస పనులకు తీసుకుపోయే మేస్త్రీల లారీలు వస్తాయి. ఆలుమగలు ఎక్కడో కాలువల పనికి వెళితే మళ్లీ తొలకరికే రావటం. పిల్లను అవ్వ దగ్గర వదిలిపోతానని బాలమణి, నేనే తీసుకెళ్తానని నేను. రామవ్వ ససేమిరా అంది. "మాటలు ఆల్చంగ ఒస్తయి. దీని నాయినకు గట్లనే ఒచ్చినయి." కొడుకు తల్లి మాట దాటడు. నేనెక్కడ పిల్లను ఆసుపత్రికి ఎత్తుకుపోతానో అని, ఆమె సాయమ్మను కూడా లారీ ఎక్కించింది. తారీఖు దసరాలోపు ఇప్పించమని అంతకుముందే మా పైఅధికారిని బతిమాలాను. వాళ్లు పని నుంచి వచ్చాక చూద్దాం, తొందరేముంది అన్నారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మరుసటి వానలకు వచ్చారు. అప్పటికీ పిల్లకు మాట రాకపోవటంతో రామవ్వ ఈసారి అడ్డుపడలేదు. పరీక్షలో రెండు చెవులూ దాదాపు వినపడవని తేలింది. చెవికి మిషన్ ఇచ్చారు. ఐదేళ్లు దాటాయి కనుక మాటలు రావటం చాలా కష్టమని, ముందే తేవాల్సిందని డాక్టరు అన్నారు. బయట బెంచీ మీద బాలమణి నన్ను అడిగింది. "పోయినేడు తెస్తే నన్ను అమ్మా అని పిలుస్తుండెనా మేడం?"

ఆ ఒక్క మాటైనా వచ్చేదేమో అన్నాను. అబద్ధం చెప్పటం నాకు చేతకాలేదు.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ వలస పల్లెల పిల్లల్ని తొలకరిలో, జనం ఊరు చేరిన వెంటనే పరీక్షించాను. దసరాలోపు తారీఖు దొరకకపోతే పిల్లనూ తల్లినీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లి, చూసేదాకా కూర్చునేదాన్ని. మేస్త్రీ లారీ వెళ్లిపోయాక వచ్చే తారీఖు ఆ పిల్లలకు ఎందుకూ పనికిరాదు.