రంగు దిగిన పతకం పట్టీ

హిందూపురంలోని నా అద్దకం షెడ్డులో ఎరుపు రంగు కాగు మసిలినప్పుడల్లా తడి పట్టు వాసన గొంతుదాకా వస్తుంది. ధర్మవరంలో హుసేనన్న పక్కన నిలబడినట్టే ఉంటుంది. ఆ వెంటనే తల వంచుకోవాలనిపిస్తుంది.

హుసేనన్న పట్టుకు రంగులద్దే మనిషి. ఏ పనీ రాని నన్ను చేర్చుకుని అన్నీ నేర్పాడు. అద్దిన పట్టును జాడించాక ఆఖరి నీళ్లను తెల్ల గిన్నెలో పట్టి చూసేవాడు. వీసమెత్తు రంగు కనబడినా మళ్లీ జాడించాల్సిందే. నేను విసుక్కుంటే తిట్టేవాడు కాదు. నా చేతిలోది తీసుకుని తానే జాడించేవాడు.

సరిహద్దులో కాపలా కాసే సైనికుల కోసం కొత్త పతకం తయారవుతోందనీ, దాన్ని వేలాడదీసే పట్టీకి రంగులు మేమే అద్దాలనీ తెలిసినప్పుడు ఆయన సంబరం ఇంతా అంతా కాదు. అంచులు ఇసుక రంగు, లోపల తెలుపు, నడుమ సన్నటి ఎరుపు.

"ఇది చీర కాదమ్మా. ఎండకూ మంచుకూ నిలబడినోళ్ల గుండె మీద ఉండేది," అన్నాడు.

ఆఖరి విడత ఎరుపు అద్దిన రోజు ఆయన కదిరికి పెళ్లికి వెళ్లాడు. నేను రెండుసార్లు జాడించాను. నీళ్లు ఇంకా గులాబీ రంగులోనే ఉన్నాయి. బిడ్డకు జ్వరమని చెప్పుకోవచ్చు కానీ, అలాంటిదేమీ లేదు. మా ఊరు ముదిగుబ్బ వెళ్లే బస్సులో కూర్చోవడానికి చోటు దొరకాలని ఆరేసి వెళ్లిపోయాను, అంతే. నీళ్లు తేటగా వచ్చాయా అని మర్నాడు ఆయన అడిగితే, వచ్చాయన్నాను.

మరుసటి ఏడు, సెలవు మీద వచ్చిన పెనుకొండ సైనికుడొకడు, పట్టీకి రంగులద్దింది మేమేనని విని, మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. బడిలో జెండా ఎగరేస్తుంటే తుంపర పడిందట. పట్టీలో తెలుపు గులాబీ రంగుకు తిరిగింది. ఎరుపు దిగి చొక్కా జేబుకు అంటింది.

"ఈ మరక పోతాదా అన్నా? ఎల్లుండి ఇదే వేసుకుని బండెక్కల్ల," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు.

హుసేనన్న పట్టీని చాలాసేపు చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు.

"తప్పు నాదే నాయనా. నేను సరిగా చూసుకోలేదు."

నేను పక్క తొట్టి దగ్గరే ఉన్నాను. చేతిలోని పట్టు జాడిస్తూ ఉండిపోయాను. ఆయన మధ్యాహ్నమంతా కూర్చుని ఆ చొక్కా ఉతికాడు. పట్టీ మార్చి ఇచ్చాడు. ఆ విడతంతా వెనక్కి తెప్పించమని మాకు ఆ పని ఇచ్చిన కాంట్రాక్టరుకు కబురు పెట్టాడు.

సైనికుడు వెళ్లాక ఏడుస్తూ జరిగింది చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"నాకు చెప్పి ఏం లాభమమ్మా? ఆ పిల్లోడు రేపంతా ఊర్లోనే ఉంటాడు. పోయి చెప్పు."

మర్నాడు పెనుకొండ వెళ్లాను. చొక్కా వాళ్ల వాకిట్లో తీగ మీద ఆరుతోంది. జేబు దగ్గర మరక ఇంకా లేతగా కనబడుతోంది. సైనికుడే మంచినీళ్లు తెచ్చిచ్చి, ఏం పని మీద వస్తివక్కా అని అడిగాడు. మరక పోయిందో లేదో కనుక్కుని రమ్మన్నారని చెప్పాను.

"పూర్తిగా పోయిందని చెప్పక్కా. పాపం, ఆయప్ప శానా బాధపడినాడు," అన్నాడు.

తిరిగి రాగానే హుసేనన్న ఒకే మాట అడిగాడు.

"చెప్పినావా?"

"చెప్పినానన్నా."

మళ్లీ ఎప్పుడూ అడగలేదు. కొన్నేళ్లకు, సొంతంగా షెడ్డు పెట్టుకుంటానంటే, తప్పు ఒప్పుకున్న మనిషివి, బాగుపడతావన్నాడు. నా మాట నమ్మే అన్నాడో, అబద్ధమని తెలిసే అన్నాడో అడిగే ధైర్యం చేయలేదు. ఆ ఏటి ఎండాకాలంలోనే ఆయన పోయాడు. సైనికుడు ఉద్యోగం ముగించుకుని పెనుకొండలోనే ఉన్నాడట. ఇక్కడి నుంచి బస్సులో గంట ప్రయాణం. నేనింకా వెళ్లలేదు.