ఆదివారాలు పెనుకొండ వచ్చే డ్రిల్లు మాస్టరు

నాది పుట్టు అనుమానం. కూరగాయలవాడు రెండు టమాటాలు ఊరికే వేసినా, అడుగున కుళ్లినవి పెట్టాడేమోనని సంచి బోర్లించి చూసే రకాన్ని. అలాంటి నా దగ్గరికి హిందూపురం హైస్కూలు డ్రిల్లు మాస్టరు ప్రతి ఆదివారం ఉడికించిన శెనక్కాయలు పట్టుకుని వస్తే ఏమనుకుంటాను?

నేను పెనుకొండలో ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచరును. ఆడపిల్లల కబడ్డీ జట్టు నాది. హిందూపురంలో ఆయన నేర్పేదీ ఆడపిల్లల కబడ్డీనే. ఎందుకొచ్చారంటే "కొండెక్కేదానికి మేడం" అనేవాడు. కొండెక్కే మనిషి బస్టాండు నుంచి నేరుగా కొండవైపు పోవాలి గానీ మా గ్రౌండు గోడ మీద కూర్చుని ప్రాక్టీసు చూడటం దేనికి? ఆయన తెచ్చిన శెనక్కాయలే తింటూ ఆయన కళ్లు ఎటు తిరుగుతున్నాయో కనిపెట్టేదాన్ని. మా పిల్లల కంటే నావైపే ఎక్కువ తిరిగేవి. అది కూడా ఒక ఎత్తేమో అనుకున్నాను.

అయినా ఇష్టం పుట్టింది, దాచడమెందుకు? ఆదివారం ఆయన బస్సు ఆలస్యమైతే పిల్లల మీద ఊరికే అరిచేదాన్ని. జిల్లా పోటీలు దగ్గర పడ్డాక ఒకరోజు అడిగేశాడు.

"పోటీలు అయినాక మా అమ్మను ధర్మవరం పంపిస్తా మేడం. మీ నాయనతో మాట్లాడతాది. మీకు ఇష్టమేనా?"

ఒళ్లంతా వెచ్చగా అయింది. ఔనని నోటిదాకా వచ్చింది. కానీ నా బుద్ధి ఊరుకోదు కదా. ఈయనకు కావాల్సింది నేనా, మా ఆట గుట్టా? "ఫైనల్ అయినాక చెప్తా సార్" అన్నాను.

మాకొక గుట్టు ఉండేది మరి. మా జట్టులో మడకశిర అవతల, కర్ణాటక సరిహద్దులో ఉండే రొళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివే పిల్ల ఒకతి. ఇంట్లో కన్నడమే మాట్లాడతారు. రైడర్ మా కోర్టులోకి వచ్చినప్పుడు ఆ పిల్ల 'హిడి' అని అరిస్తే అందరూ కలిసి పట్టాలి, 'బిడు' అంటే వదిలేయాలి. పోటీలు జరిగేది ధర్మవరంలో. నేను పుట్టి పెరిగిన ఊరు. అక్కడ కన్నడం ఎవరికీ రాదని నా ధీమా. గోడ మీద కూర్చుని ఈ ఉపాయం మొదటిసారి విన్నప్పుడు ఆయన పగలబడి నవ్వి, "భలే ఉండాది మేడం" అన్నాడు. ఆ నవ్వు నేను మనసులో పెట్టుకున్నాను.

సెమీఫైనల్లో మాకు ఎదురు హిందూపురమే తగిలింది. వాళ్లకు కన్నడం వస్తుంది కాబట్టి మా పిల్లలను నోరు మూసుకుని ఆడమన్నాను. గెలిచాం. ఆయన వచ్చి మా పిల్లలందరికీ చాక్లెట్లు పంచాడు. ఓడినవాడికి ఇంత సంతోషమేమిటి? కాసేపటికి చూస్తే షామియానా కింద ధర్మవరం కోచ్‌తో టీ తాగుతూ కనిపించాడు. మధ్యాహ్నం ఫైనల్ మాకు ధర్మవరంతోనే.

ఫైనల్లో మాకు ఏదీ కలిసిరాలేదు. మా పిల్ల 'హిడి' అనగానే ధర్మవరం రైడర్ వెనక్కి దూకేది. 'బిడు' అంటే మాత్రం తీరిగ్గా బోనస్ గీత దాకా వచ్చి పాయింటు తీసుకుని పోయేది. చిత్తుగా ఓడిపోయాం.

నేరుగా షామియానా కిందికి పోయాను. అక్కడ నాలుగు స్కూళ్ల మాస్టర్లున్నారు, ఆయన పిల్లలున్నారు, నా పిల్లలున్నారు. అప్పటిదాకా ఉన్న 'మీరు' కాస్తా ఎగిరిపోయింది.

"మా గుట్టు వాళ్లకు చెప్పినావు కదా! పొద్దున ఓడిపోయిన కడుపుమంట ఇట్ల తీర్చుకున్నావు. నా కోసం వస్తాండావని నమ్మినా చూడు, నాకు బుద్ధి లేదు!"

ఆయన టీ గ్లాసు కింద పెట్టి, తన పిల్లలను పిలుచుకుని వెళ్లిపోయాడు. తప్పు చేసినవాడు కాబట్టే తప్పించుకుని పోయాడనుకున్నాను.

తిరుగు బస్సులో రొళ్ల పిల్ల నా పక్కకు వచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి.

"మేడం, సార్ చెప్పలేదు. ఆ రైడర్‌కు కన్నడం వచ్చు. వాళ్లమ్మది మడకశిర అంట. ఆట అయినాక ఆ పిల్లే నాతో కన్నడంలో మాట్లాడింది."

నా సొంత ఊళ్లో ఎవరికి ఏ భాష వస్తుందో కూడా నాకు తెలియదు. పెనుకొండ వచ్చేదాకా తల ఎత్తలేకపోయాను.

మర్నాడు సెలవు పెట్టి హిందూపురం పోయాను. ఆయన ఒక్కడే గ్రౌండులో సున్నంతో గీతలు గీస్తున్నాడు.

"తప్పయిపోయింది సార్" అన్నాను.

"పిల్లల ముందర అన్నారు మేడం. అదీ నా బాధ." ఇంకా రెండు గీతలు గీశాడు. నడుం ఎత్తి నా మొహం చూసి, "సరేలెండి. అంత దూరం నుంచి వచ్చినారు. టీ తెప్పిస్తా, కూర్చోండి" అన్నాడు. ప్రాణం లేచి వచ్చింది.

అంతలో ఆయన ఫోను మోగింది. కాస్త పక్కకు జరిగి మెల్లగా మాట్లాడాడు, మధ్యలో నవ్వాడు కూడా. ఫోనులోంచి ఆడగొంతు లీలగా వినబడింది. నాకు మాటలు తెలియకుండా మాట్లాడాల్సింది ఏముంది? ఫోను పెట్టేశాక అడిగాను.

"ఎవరు సార్? ఆడమనిషి గొంతులా ఉండాది."

"మా అమ్మ. ధర్మవరం ఎప్పుడు పోదామని అడుగుతాంది."

"నిజంగా అమ్మేనా?"

ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆయన ఫోను నా ముందుకు చాపాడు. వద్దనాల్సింది. నేను తీసుకుని చూశాను. పైన 'అమ్మ' అనే ఉంది.

"చూసినారు కదా మేడం," అని ఫోను వెనక్కి తీసుకున్నాడు. "ధర్మవరం పోయే పనిలేదని ఆమెకు చెప్తాలెండి."