మంగళవారం ఉపవాసాలు

మా మనవరాలు రాజమహేంద్రవరంలో బి.ఇడి. చదువుతోంది. పోయిన ఆదివారం వచ్చి, కాలేజీలో అసైన్‌మెంట్ ఇచ్చారు అమ్మమ్మా, కాబోయే టీచర్లుగా వివక్ష గురించి, తోటివాళ్ళని ఏడిపించడం గురించి, సేవ గురించి మా ఆలోచనలు రాయాలట, ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పావు కదా, నాలుగు ముక్కలు చెప్పు అని ఫోను పట్టుకుని ఎదురుగా కూర్చుంది. నత్తి అని క్లాసంతా నవ్విన ఒక పిల్ల చేత వార్షికోత్సవంలో మాట్లాడించిన సంగతీ, చెప్పుల్లేకుండా వచ్చేవాళ్ళకి మేం టీచర్లమంతా కలిసి చెప్పులు కొనిపెట్టిన సంగతీ చెప్పాను. అన్నిట్లోనూ నేనే మంచిదాన్ని. అది టకటకా టైపు చేసుకుని, నువ్వు సూపర్ అమ్మమ్మా అని బుగ్గ గిల్లి వెళ్ళిపోయింది. దానికి చెప్పనిది ఒకటి మీకు చెబుతాను. మీరు నా ఈడువాళ్ళు, ఆ రోజులు ఎలా ఉండేవో మీకు విడమరచి చెప్పక్కర్లేదు.

మాది కాలవగట్టున సేద్యపు ఇల్లు. మా నాన్నగారిని చెడ్డవారని ఎవరూ అనరు, పనివాళ్ళకి కడుపునిండా పెట్టేవారు, కాకపోతే వాళ్ళ గ్లాసులు మాత్రం పశువుల సావిడి చూరులో దోపి ఉండేవి, వాళ్ళు వాటితోనే తాగి, కడిగి, మళ్ళీ అక్కడే దోపి వెళ్ళేవారు. ఆ గ్లాసులు అక్కడెందుకున్నాయని ఇరవై ఒక్క ఏళ్ళు వచ్చేదాకా నేను ఎవర్నీ అడగలేదు. బి.ఇడి.లో చేరాక హాస్టల్లో నా గదికి వచ్చిన అమ్మాయి, అలాంటి గ్లాసుతో నీళ్ళు తాగి నాట్లు వేసిన తల్లి కూతురు.

ఆమెది కోనసీమలో ఒక ఊరి పేట. చిన్నప్పుడు వాళ్ళ బడిలో నీళ్ళ కుండ దగ్గరికి ఆమెను వెళ్ళనిచ్చేవారు కాదట, వేరే పిల్లలెవరైనా దయతలచి పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాలట. అదే బడికి టీచరుగా వెళ్ళి, ఆ కుండలో నీళ్ళు తన చేత్తో ముంచి పిల్లలందరికీ ఇవ్వాలని ఆమె పంతం. ఆమె పెట్టుకున్న కోరిక అదొక్కటే. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పదిరోజులు రాగిజావ కాచి తాగించింది, చిక్కులు పడిన తల దువ్వి జడ వేసింది. ఆ జావ తాగడానికి నాకేమీ అడ్డు రాలేదు. గది తలుపు వేసి ఉండేది కదా.

తలుపు బయట సంగతి వేరు. మా బ్యాచిలో ఒక పెద్ద కామందుగారి అమ్మాయి ఉండేది, ఆమె నవ్వితే హాస్టలంతా నవ్వేది. నా గదిలో అమ్మాయికి ఆమె పెట్టిన పేరు స్కాలర్‌షిప్. ఇదిగో స్కాలర్‌షిప్ వచ్చింది, జరగండి జరగండి అని బెంచీ మీద ఎడంగా జరిగేవారు. బాత్‌రూమ్‌లో ఆమె చెంబును తలుపు వెనక్కి తన్నేసేవారు. నన్ను స్కాలర్‌షిప్ చెల్లెలనేవారు. ఆ మాట పడ్డప్పుడల్లా నా ప్రాణం చచ్చిపోయేది, మరి రోజూ అంతకంటే ఎక్కువ పడుతున్న మనిషి ప్రాణం ఏమవుతుందో నేను ఆలోచించలేదు.

రెండో టర్ములో సేవాశిబిరం అని పదిరోజులపాటు ఏటిగట్టు పక్కన ఒక ఊరికి తీసుకెళ్ళారు. పొద్దున్నే ఆ ఊరి పేటలో మురుక్కాలవ తవ్వాలి, సాయంత్రం పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పాలి, రాత్రి హైస్కూలు గదుల్లో చాపలమీద పడుకోవాలి. రోజుకొక జట్టు వంట చెయ్యాలి. మంగళవారం నా గదిలో అమ్మాయి జట్టు వంతు వచ్చింది. ఆ జట్టులో మిగతా వాళ్ళు కత్తిపీటైనా ముట్టకుండా తలో వంకతో తప్పుకుంటే, అరవైమందికి ఒక్కతే వండింది. గుమ్మడికాయ దప్పళం, వంకాయ కూర, పప్పు. మేం కాలవ తవ్వి చేతులు బొబ్బలెక్కి వచ్చేసరికి ఆ దప్పళం వాసన గేటు దాకా వస్తోంది. నా కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి.

విస్తళ్ళు వేశారు. కామందుగారి అమ్మాయి నిలబడే, "ఇవాళ మంగళవారం కదండీ, నాకు ఉపవాసం" అంది. ఆమె పక్కనున్న అమ్మాయికీ ఉపవాసమే. ఆ పక్కామెకీ. ఆంజనేయస్వామికి మా బ్యాచిలో అంతమంది భక్తులున్నారని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. మగపిల్లలు కొందరు కడుపునొప్పన్నారు. మమ్మల్ని వెంటబెట్టుకొచ్చిన మాస్టారికి ఆ పూట సర్పంచిగారింట్లో భోజనం. విస్తళ్ళ ముందు కూర్చున్నది నలుగురే.

నా గదిలో అమ్మాయి గరిటె పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "నువ్వు రావే, నీకు దప్పళం ఇష్టం కదా" అంది. అందరూ నా వైపే చూస్తున్నారు. పొద్దున్నే ఆమె డబ్బాలో జంతికలు తిన్నదాన్ని, నీళ్ళు నమిలాను. "ఇవాళ... నాక్కూడా ఉపవాసం" అన్నాను. వెనకెవరో కిసుక్కున నవ్వారు. ఆమె గరిటె తీసుకెళ్ళి గిన్నెలో పెట్టేసింది.

అంత అన్నం పారబొయ్యలేక పేటకి తీసుకెళ్తానంది. గుండిగ ఒక్కతే మొయ్యలేదు, రెండోవైపు నేను పట్టుకున్నాను, అదేదో నా తప్పుకి జరిమానా అన్నట్టు. పేటలో పిల్లలు గిన్నెలతో మూగారు. పదిరోజుల శిబిరంలో మేం చేసిన అసలైన సేవ ఏదైనా ఉంటే ఆ భోజనమే, అది కూడా మా బుద్ధి వల్ల మిగిలిపోయినది. ఒక ముసలమ్మ పళ్ళెం పట్టుకుని, "మీ పంతులమ్మలందరూ తిన్నారా తల్లీ?" అని అడిగింది. "తిన్నారండి మామ్మగారూ, మిగిలింది తెచ్చాం" అంది ఆమె, తడుముకోకుండా. ముసలమ్మ నా మొహం చూసి, "ఈ పిల్ల మొహం వాడిపోయింది, నువ్వూ ఓ ముద్ద తిను అమ్మా" అంది. అక్కడ మా వాళ్ళెవరూ లేరు, నవ్వేవాళ్ళు లేరు, తిందామనే ఉంది నాకు. నేను నోరు తెరిచేలోగా నా స్నేహితురాలు, "ఆవిడకి ఇవాళ ఉపవాసమండి" అంది. వెటకారం లేదు ఆ గొంతులో, వెటకారం ఉంటే ఇన్నేళ్ళు ఇంత గుర్తుండేది కాదేమో.

మాస్టారు మమ్మల్ని ఏమీ అనలేదు. సర్దుకుపోవాలమ్మా అని ఆమెకే చెప్పారు. మర్నాటినుంచి ఊళ్ళోంచి వంటమనిషిని పెట్టారు, ఆమెకి బ్లీచింగ్ పొడి చల్లే పని ఇచ్చారు. ముగింపు సభలో సేవ గురించి ఉపన్యాసం ఇచ్చింది నేనే. చప్పట్లు బాగా పడ్డాయి.

శిబిరం తర్వాత సెలవులకి వెళ్ళిన ఆమె మళ్ళీ రాలేదు. వారం పోయాక ట్రంకుపెట్టె తీసుకెళ్ళడానికి వాళ్ళ నాన్న వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా గేటు బయటే నిలబడితే పెట్టె నేనే ఈడ్చుకెళ్ళి ఇచ్చాను. తువ్వాలు చేతిలో నలుపుతూ, "మా అమ్మాయికి ఇక్కడేమైనా ఇబ్బందయ్యిందాండి? ఎంతడిగినా చెప్పట్లేదండి" అని అడిగాడు. నా తండ్రి వయసున్న మనిషి, నన్ను అండి అని అడుగుతున్నాడు. "ఏమీ లేదండి" అన్నాను. ఆయన ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయనకి నిజం చెప్పి ఉంటే, నాదే తప్పని ఒక్క ముక్క ఆమెకి పంపి ఉంటే, వచ్చేదేమో. వచ్చేదనే నేను అనుకుంటాను, అదే నన్ను పీక్కుతింటుంది.

నేను మాత్రం పాసయ్యాను, ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్ళకి బదిలీల్లో ఖాళీల జాబితాలో వాళ్ళ ఊరి బడి కనబడింది. మంచి స్థలం, ఇంటద్దె అలవెన్సు కూడా తగ్గదు, పక్కనున్నవాళ్ళు తీసుకోండి తీసుకోండి అన్నారు. ఆ బడి గుమ్మంలో పిల్లని చేర్పించడానికి ఆమె వచ్చి నిలబడితే, ఆమె కూర్చోవలసిన కుర్చీలో కూర్చుని పేరేంటమ్మా అని అడగగలనా? ఆ జాబితాలో ఎంతో దూరాన ఉన్న ఇంకో ఊరు కోరుకున్నాను.

ఇప్పుడు బళ్ళలో పిల్లలంతా ఒకే వరుసలో కూర్చుని అన్నం తింటున్నారు, కుళాయి తిప్పుకుని ఎవరి నీళ్ళు వాళ్ళే పట్టుకుంటున్నారు. అది చూసి సంతోషించినప్పుడల్లా, సంతోషించడానికి నేనెవర్నని కూడా అనిపిస్తుంది. మా రోజుల్లో వాళ్ళ ఊరికి వెళ్ళాలంటే రెండు రేవులు దాటాలి, పంటు కోసం ఎండలో గంటలు కాచుక్కూర్చోవాలి, చాలాకాలం నేను చెప్పుకున్న వంక అదే. ఇప్పుడు రెండు పాయల మీదా వంతెనలు పడ్డాయి. మా వీధి చివర్నుంచి గంటకో బస్సు ఆ ఊరికి వెళుతుంది. నేను ఇంకా ఎక్కలేదు.