మేస్త్రి అడిగిన పేరు

గల్ఫ్‌లో, ఇబ్రా అనే ఊళ్లోని మా సైట్‌లో మేస్త్రిది జగిత్యాల. రూములో బాక్సింగ్ సినిమా పెడితే చాలు, మంచం మీద కూర్చునే భుజాలు తిప్పుతూ దెబ్బలు తప్పించుకునేవాడు. మేం పడిపడి నవ్వేవాళ్లం.

ఒక శుక్రవారం చూసిన సినిమాలో, తోటి బాక్సర్‌ను నల్లవాడని హేళన చేసిన హీరో చివరికి అతని ఇంటికెళ్లి క్షమాపణ అడిగాడు. మేస్త్రి కదలకుండా కూర్చుండిపోయాడు. మా సైట్‌లోని టాంజానియా వెల్డర్‌ను రెండేళ్లుగా మేమంతా నల్లోడని హిందీలో "కాలా" అనే పిలిచేవాళ్లం. మొదలుపెట్టింది మేస్త్రే.

మర్నాడు భోజనాల వేళ ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లి వెల్డర్ పక్కన కూర్చున్నాడు.

"మాఫ్ కరో భాయ్. తుమ్హారా నామ్ క్యా హై?"

మేస్త్రి క్షమించమని పేరడిగేసరికి, వెల్డర్ తన పేరు చెప్పాడు. మేస్త్రి నోరు తిరగక మూడుసార్లు తప్పు పలికాడు. వెల్డర్‌కు నవ్వాగలేదు. నాలుగోసారి సరిగ్గా పలికి, మేస్త్రి మా వైపు తిరిగాడు.

"ఏంది చూస్తున్రు? మీరు గూడ వచ్చి నేర్సుకోండ్రి!"